అండాలక్క సొట్ట డబ్బా

ఆ సొట్ట డబ్బా ఆ కుప్పల ఎయ్యకు బిడ్డా, ఇటు తే. మిగిలినయి నీ ఇష్టం. పగిలిన జాడీలు, మూతల్లేని సీసాలు, మీ తాత దాసుకున్న ఖాళీ గోలీల డబ్బాలు, అన్నీ పారెయ్యి, నేను అడ్డం రాను. మోకాళ్లు పట్టేసినయ్, ఈ పీట మీద కూసుంటే మళ్ల లేవొస్తలేదు, లేకుంటే నేనే అందుకుందును. ఆ, గదే. తుడవకు, గట్లనే ఇయ్యి.

నువ్వు పొద్దటి సంది ఒక్కదానివే కష్టపడుతున్నవ్, సూస్తనే ఉన్న. నాలుగు జానల అర్ర ఇది. పైన మూడంతస్తులు లేసినా, అవతల ఉప్పల్ల మెట్రో వొచ్చినా, ఈ సామాన్ల అర్ర మటుకు అప్పటి లెక్కనే ఉన్నది. జాగ సరిపోతలేదని మీ అమ్మ మొత్తుకునుడు, నువ్వు ఫోన్ల సూసి గా ప్లాస్టిక్ డబ్బాలు తెప్పిచ్చుడు, అన్నీ ఒక్క సైజు, ఒక్క తీరు, ఒకదాని మీద ఒకటి కూసుంటయి. మంచిగనే ఉన్నయ్ స్నిగ్ధా, నేను బాగ లేవంటలేను. నేను సుత ఒకపారి గిట్లనే సదిరిన. గిదే అర్ర. నీ అంత వయసుల. గప్పుడు ఈ అర్ర నాది గాదు, అండాలక్కది.

నువ్వు సూడలే ఆమెను. మీ నాయిన సుత సరిగ్గ యాదికి తెచ్చుకోలేడు. నాకు ఏరాలు, మీ పెద్ద తాత హన్మయ్య పెండ్లాం. పొడుగు మనిషి, మాట తక్కువ, మాట్లాడితే మటుకు గోడకు మేకు కొట్టినట్టు. ఇంట్ల పదకొండు మందిమి. మీ తాత, హన్మయ్య బావ ఇద్దరూ నాచారం మిల్లులనే, తెల్లారి ఆరు గంటల షిఫ్టు. కరెంటు ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో తెల్వది. మాకైతే అగ్గిపెట్టె దేవులాడుడే ఒక పని, ఆమె మటుకు చీకట్లనే అన్నం వార్చి, తాలింపు పెట్టి, టిఫిన్లు కట్టేది. "కరెంటు పోయినా అండాలు చెయ్యి ఆగదు" అని మా అత్త వాడంతా చెప్పుకునేది. మేమంతా గది పనితనం అనుకున్నం. ఏమనుకుంటం మరి.

ఆమె అర్ర ఎట్లుండెనో చెప్త విను. ఒక్క డబ్బా ఇంకోదానితోటి పోలకపోయేది. ఉప్పు మట్టి గురిగిల, చింతపండు జాడీల, కందిపప్పు నూనె రేకుల, ఆ రేకుకు మెడ కాడ సుత్లీ తాడు కట్టి ఉండె. కారంపొడి డబ్బాకు మూత లేదు, గుడ్డ కట్టేది. పసుపు గిండ్ల, గీ సొట్ట డబ్బాల. బొటనవేలు పెట్టి సూడు, సరిగ్గ గా సొట్టల కూసుంటది. ఇగ ఎవరన్న ఒక్క డబ్బా బెత్తెడు జరిపితే అయిపాయె. "తీసిన కాడ పెట్టరాదా, నీ చెయ్యేమన్న అరిగిపోతదా" అనేది. నాకు మస్తు మండేది. మీ నాయిన చంటిపిల్లగాడు, వాని ఉగ్గుపిండి పెట్టుకోను జానెడు జాగ అడిగిన అక్కా అని. "నీది నీ మంచం కింద పెట్టుకో నర్సీ" అన్నది. మంచం కింద, సూడు. నేను ఆ ఇంటి కోడల్ని గానా? అర్ర ఆమె పుట్టింటి సొమ్మా? గట్లనే అనుకున్న, తప్పేముంది. కోడలైన మూడేండ్లకు ఒక్క మూల నాదని లేదు.

అదేందో అంటున్న... ఆ. పక్కింట్ల కమలకుమారి టీచరు కిరాయికి ఉండె, రాజమండ్రి దిక్కోళ్లు, మంచిగ మాట్లాడేది. ఒకనాడు గోడ మీదికెళ్లి పిలిచి మెల్లగ అన్నది, "నర్సమ్మగారూ, ఏమీ అనుకోకండి, మీ అక్కగారికి చూపు ఆనడం లేదేమో చూశారా? మొన్న నేను ఎదురుగా నిలబడి నవ్వితే పలకలేదు. నేను మాట్లాడాక తలెత్తారు." నేనేమన్ననో తెల్సా? "ఆమెకు పొగరు టీచరమ్మా, చూపు గాదు" అన్న. అని నవ్విన సుత. ఆమె మళ్ల ఎత్తలే ఆ ముచ్చట.

ఇగ గా ఏడాది బోనాల ముందు అక్క నాలుగు రోజులు పుట్టింటికి పోయింది, ఘట్‌కేసర్ అవతల, తమ్ముని బిడ్డను ఉయ్యాలల ఏసుడుండె. గప్పుడే పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చేటామె గంప పట్టుకొని వొచ్చింది. నాకు బుద్ధి పుట్టింది. మీ తాతవి రెండు పాంట్లు, నా పెండ్లినాటి జరీ చీర ఒకటి ఏసి, ఎనిమిది డబ్బాలు తీసుకున్న. అన్నీ ఒక్క తీరు, మెరుస్తున్నయి, గిట్ల పెడ్తే గట్ల ఒకదాని మీద ఒకటి. అక్క డబ్బాలు, జాడీలు, గురిగి, రేకు అన్నీ ఖాళీ చేసి పాత సామానోనికి ఏసిన. రెండు దినాలు కడిగిన, తుడిచిన, పేపర్లు పరిచిన. వరుసన్నర జాగ ఖాళీగ మిగిలింది. నా ఉగ్గుపిండి డబ్బా నా కండ్ల ముందట, ఎత్తున, పెట్టుకున్న. మా అత్త వొచ్చి నిలబడి, "ఇన్నేండ్లకు అర్రల గాలాడుతున్నదే" అన్నది. ఆమె నన్ను మెచ్చుకున్నది గదే మొదలు. నాకు కడుపు నిండిపోయింది.

శనివారం పొద్దుమూకినంక అక్క వొచ్చింది. సంచి కింద పెట్టి, అర్ర తలుపుల నిలబడి చెయ్యి సాపింది. గోడ పొంటి చెయ్యి పోనిచ్చింది. ఒక మూత, ఇంకో మూత, ఇంకో మూత. ఎనిమిదీ తడిమింది. కొడ్తదేమో, తిడ్తదేమో అనుకొని నేను తయారుగ ఉన్న, మాటలు సుత జమ చేసి పెట్టుకున్న. "మంచిగున్నది నర్సీ" అన్నది. మళ్ల, "పసుపేడ పెట్టినవ్?" అన్నది. "కింది వరుసల మూడోది అక్కా, తలుపు దిక్కుకెళ్లి" అన్న. "ఉప్పు?" చెప్పిన. "కారం?" చెప్పిన. ఒక్కొక్కటే అడిగింది, చిన్నపొల్ల పాఠం ఒప్పజెప్పినట్టు తనలో తాను అనుకున్నది. నాకు గప్పుడన్న తెల్వొద్దా? తెల్వలే. గెలిచిన గదా అనుకున్న.

తెల్లారి బోనాలు. ఇల్లంతా మైసాచి ధూపం పొగ, గారెల వాసన, మల్కాజిగిరికెళ్లి మా ఆడిబిడ్డ వాళ్లు దిగిన్రు. పొద్దున కూరల కారం, పసుపు చాలలేదని నేనే రెండు డబ్బాలు తీసిన, ఏసిన, ఏడ ఖాళీ కనవడ్తే ఆడ పెట్టిన. అటుది ఇటు, ఇటుది అటు. కండ్లున్నోళ్లకు ఏం ఫరక్ పడతది, మూత తీస్తే తెలుస్తది గదా. పెద్ద కోడలు గదా, బోనం కుండకు పసుపు పూసేది అండాలక్కనే. తలస్నానం చేసి వొచ్చి, కింది వరుసల మూడో డబ్బా తీసి, పళ్లెంల పోసి, నీళ్లు కలిపి, నలుగురి నడుమ కూసొని కుండకు రాయవట్టింది. ఎర్రగ. కుండ సగం ఎర్రగైంది. మా ఆడిబిడ్డనే అన్నది, "గదేంది వదినా, అమ్మోరి కుండకు కారం పూస్తున్నవ్?"

"కారమా?" అన్నది. అని చెయ్యి ముక్కు కాడికి తెచ్చుకున్నది.

అంతే బిడ్డా. వాసన సూసుకున్నది. గదొక్కటి అందరం సూసినం. మా అత్త వొచ్చి ఆమె మొఖం ముందట నాలుగు వేళ్లు ఆడిచ్చింది, "ఎన్ని, చెప్పు, ఎన్ని?" నేనేడ నిలబడ్డనో అక్కకు ఎట్ల తెల్సెనో, సరిగ్గ నా దిక్కు మొఖం తిప్పింది. "నర్సీ, మూడోదే గదా నువ్వు చెప్పింది?" అన్నది.

నేను అనొచ్చు. పొద్దున నేనే మార్చిన అత్తమ్మా, తప్పు నాది అనొచ్చు. ఒక్క మాట. కుండ కడిగి మళ్ల పూస్తే అయిపోతుండె. "నేను సరిగ్గనే చెప్పిన అక్కా" అన్న.

నిజమే గదా. చెప్పుడైతే సరిగ్గనే చెప్పిన.

మా అత్త కొత్త కుండ తెచ్చి, పసుపు తానే పూసి, నా నెత్తి మీద పెట్టింది. "నువ్వెత్తుకో ఈ ఏడు" అన్నది. డప్పుల నడుమ పోయిన, వొచ్చిన. వొచ్చేవరకు అక్క ముందటర్రల మంచం మీద కూసున్నది, కారం చెయ్యి నీళ్ల గిన్నెల పెట్టుకొని. ఆ దినం సంది అర్ర గడప తొక్కలే. తొక్కనియ్యలే. హన్మయ్య బావ దవాఖానాకు తోలుకపోతే కంటి నరం ఎండిపోయింది, రెండేండ్ల కింద తెస్తే ఏమన్న చేద్దుము అన్నరంట. ఎందుకు చెప్పలేదే అని బావ ఏడ్చుకుంట అడిగితే, "చెప్తే వంట కాడికెళ్లి లేపుతరు గదా" అన్నది. మరి గదే గాలేదా.

నేను ఆ పాత సామానోని దుకాణం దేవులాడుకుంట ఉప్పల్ చౌరస్తా దాకా నడిచిన. అన్నీ పోయినయ్, గిదొక్కటి దొరికింది. తెచ్చి ఆమె చేతుల పెట్టిన. బొటనవేలు పోయి సొట్టల కూసున్నది. "పసుపుది" అన్నది. జర సేపు పట్టుకొని మళ్ల నాకే ఇచ్చింది. "నీ అర్రల పెట్టుకో నర్సీ, జాగ మస్తున్నది గదా ఇప్పుడు." ఎత్తిపొడుపు గాదు బిడ్డా, మామూలుగనే అన్నది. గదే నాకు... ఆరేండ్లు బతికింది ఇంక. ఆ మంచం మీదనే.

ఏందవి, చిట్టీలు అంటిస్తున్నవా డబ్బాలకు. పేర్లా. మంచిదే, పెద్దపెద్దగ రాసినవ్. ఆ, సూస్తున్న, కనవడ్తున్నయ్. గా మధ్యల దాని మీదనా? అది... పప్పు గాదా? ఏ, దూరముంటే ఎవరికి ఆనుతది, అద్దాలు ఆ అర్రల ఉన్నయ్. దవాఖానా ఎందుకు ఇప్పుడు, నాకేమైంది. మీ అమ్మతోటి గిట్ల అనకు. నీ డబ్బాలు నీ ఇష్టమున్నట్టు పెట్టుకో, పసుపు మటుకు దీంట్ల పొయ్యి, తలుపు పక్కన కిందనే ఉండనియ్యి. పొయ్యి మీద పాలు పెట్టినట్టున్నవ్, సూడు పో.