ఆ గురువారం గది ఖాళీగానే ఉంది

అధ్యక్ష స్థానంలో ఉన్న గ్రంథాలయ అధికారిగారికి, వేదిక మీది పెద్దలకు, నా తోటి ఉద్యోగులకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మా మేడమీది గదివాళ్లకు నమస్కారాలు. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రండయ్యా, ఇక్కడ కూడా ఎవరూ మీ పేర్లు అడగరు. (నవ్వులు)

రిటైరవుతున్నాను కదా అని రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ అటెండరుగా 'మాట్లాడకండి' అని గద్దించినదాన్ని, మైకు ముందు నన్ను నేనే కసురుకుంటానేమోనని భయంగా ఉంది. (నవ్వులు)

తాగుడు మానాలనుకునేవాళ్లు పేర్లు చెప్పుకోకుండా కలుసుకునే సమావేశాలకు తొమ్మిదేళ్లుగా మేడమీది గది తెరిచిపెట్టిన చల్లని తల్లి అన్నారు అధ్యక్షులవారు. అయ్యా, ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను దయతో తెరవలేదు, పైనుంచి ఆర్డరు వచ్చింది కాబట్టి తెరిచాను. మా ఆయన ఈ లైబ్రరీలోనే పనిచేస్తూ, తాగి తాగి ముప్పై ఎనిమిదేళ్లకే పోతే, ఆ ఉద్యోగం నాకిచ్చారు. అలాంటి నన్ను తాగేవాళ్ల కోసమే బల్లలు తుడవమంటే, మెట్లెక్కి వచ్చే ప్రతి మనిషిలోనూ ఆయనే కనిపించి ఒళ్లు మండేది. టీ ఫ్లాస్కు పెట్టుకుంటామంటే పుస్తకాలు పాడవుతాయన్నాను. ఆ గదిలో పుస్తకాలే లేవు. (నవ్వులు)

రెండో ఏడాది ఒక గురువారం, మా ఆయన పోయిన తేదీ అది. సాయంత్రం అందరికన్నా ముందు వాళ్లలో ఒక ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అతను తాగుడు మానేసి అప్పటికి నలభై ఒక్క రోజులు.

"అక్కా, గది తెరుస్తారా?"

"ఇవాళ మీటింగు లేదు. గది వేరేవాళ్లకిచ్చారు."

"అయ్యో. ఇవాళ నాకు చాలా అవసరంగా ఉందక్కా. పోనీ, మెట్ల మీద కూర్చోనా?"

"కూర్చోడానికి ఇదేమన్నా బస్టాండా? వెళ్లు."

తర్వాత వచ్చినవాళ్లకీ అదే అబద్ధం చెప్పి పంపేశాను. మూడో రోజు అతని భార్య వచ్చింది. "గురువారం మీటింగుకని బయల్దేరారండీ. ఇంకా ఇల్లు చేరలేదు" అంది. చెంగు పిడికిట్లో నలుపుకుంటూ, నా మొహంలోకి చూడలేక గుమ్మంవైపు చూస్తూ నిలబడింది. ఆసుపత్రి వరండాల్లో నేనూ సరిగ్గా అలాగే నిలబడ్డాను. నిజం నోటిదాకా వచ్చింది గానీ, చెప్పలేకపోయాను.

ఆ రోజు నుంచి మీటింగు ఉన్నా లేకపోయినా సాయంత్రాలు గది తెరిచి, లైటు వేసి కూర్చున్నాను. పన్నెండో రోజున మాసిన గడ్డంతో అతను వచ్చాడు.

"ఇవాళ ఉందా అక్కా?"

"ఉంది. రోజూ ఉంటుంది" అన్నాను. ఆ రోజు టీ నేనే కాచాను.

అతను మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్కపెట్టుకున్నాడు. ఇప్పటికి ఏడేళ్లయింది. నన్ను పొగిడినప్పుడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది అతనే. బాబూ, తాగింది నువ్వే, కాదనను. కానీ నీకు నిలబడ్డానికి చోటు లేకుండా చేసింది నేను. ఇంతమంది ముందు అడుగుతున్నాను, నన్ను క్షమించు.

(అతను లేచి ఏదో అంటాడు)

ఏమిటీ? వినబడలేదు, గట్టిగా చెప్పు.

నేను చెప్పింది అబద్ధమని తెలుసట. ఆ గురువారం కింద బోర్డు మీద గది ఖాళీ అనే రాసి ఉందట. మరి అప్పుడే అడగలేదేం?

ఆ రోజు నా కళ్లు ఎర్రగా ఉన్నాయట. అందుకని అడగబుద్ధి కాలేదట.

ఒక్క నిమిషం, క్షమించండి.

నేను చుక్క ముట్టలేదు. కానీ ఆ తాగుడు మా ఇంట్లో పదకొండేళ్లు నాతోపాటు కాపురం చేసింది. ఆయన గురించి ఇంతవరకు ఎవరితోనూ నోరు విప్పలేదు. రేపటి నుంచి నాకు డ్యూటీ లేదు. సాయంత్రం మేడమీదికి వస్తాను, తుడవడానికి కాదు. మీ మధ్య నన్నూ కూర్చోనిస్తారా?

ఇన్నాళ్లూ నా కసుర్లు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. అటెండరుగా సెలవు.