ఎల్యాస్ మేస్త్రి పొయ్యి

రా తల్లీ, లోపలికి రా. బూట్లు అక్కడే విప్పెయ్, మంచు కరిగి నేలంతా చిత్తడవుతుంది. ఏంటీ, తలుపుకి చీపురు ఆనించి ఉందా? నా మతిమరుపు మండా. పొద్దున కట్టెల కొట్టంలోకి పోతూ ఆనించాను, తిరిగి వెనక గుమ్మంలోంచి వచ్చి దాని సంగతే మర్చిపోయాను. చూసి కూడా దాన్ని పక్కకి పెట్టి వచ్చేశావు చూడు, మంచిపని చేశావు. మా రోజుల్లో అలా వచ్చేవాళ్లు కాదు. తాళాలెక్కడివి మాకు? తలుపుకి చీపురు ఆనించి ఉందంటే ఇంట్లో మనిషి లేడని. పాస్టరుగారొచ్చినా వెనక్కి తిరగాల్సిందే. కూర్చో, కాఫీ పొంగుతోంది. ఆ బియ్యం రొట్టె తీసుకో, నిన్న చేసిందే.

ఏదీ, ఆ కాగితం ఇటివ్వు. కళ్లజోడు... ఆఁ, నెత్తిమీదే ఉంది. ఇదేనా ఇల్లు వెచ్చబెట్టే మీ కొత్త పొయ్యి? బొమ్మలో బానే ఉంది, తలుపంతా అద్దమే. మీ కంపెనీవాళ్లు ముందు సెప్టెంబరన్నారు, తర్వాత క్రిస్మస్‌కన్నారు, ఇప్పుడు నువ్వొచ్చి మంచు కరిగాక అంటున్నావు. నేనేం అనట్లేదమ్మా. పొయ్యి కోసం ఎదురుచూడటం నాకు కొత్తా? పాతది అదిగో, నోటి దగ్గర చీలింది, కట్టె పెడితే గదిలోకి పొగ. మావాడు యోయెన్సూ పట్నం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పోరు, "అమ్మా, ఆ రాళ్లగుట్ట పీకించెయ్, కొత్తది రాగానే పెట్టిద్దాం" అని. ఏం రాశారిక్కడ... "సాయంత్రం ఒక్కసారి మండిస్తే మర్నాడంతా వెచ్చదనం. సరికొత్త పద్ధతి." సరికొత్తా? సెన్యా, నువ్వు ఎల్యాస్ మేస్త్రి తమ్ముడి మనవరాలివి కదే. మీ ఇంట్లో నీకెవరూ చెప్పలేదూ? చెప్పరులే. మీ వంశంలో మాటలకి మహా కరువు.

ఎల్యాస్ అంటే ఏం చెప్పను, పొడుగ్గా, కొంచెం వంగి, ఎప్పుడూ బట్టల మీద ఆ బూడిదరంగు పొడితో ఉండేవాడు. మన గనిలో దొరికే బలపం రాయి ఉంది చూడు, గోరు పెడితే గీత పడేది, దాన్ని రంపంతో కోసేవాడు, కట్టెని కోసినట్టే. యుద్ధం అయ్యాక పన్నెండో పదమూడో ఏడు అనుకుంటా, సరుకుల కొట్టు దగ్గర ఎవరితోనో అన్నాట్ట, "కొత్త రకం పొయ్యి ఒకటి కడతాను" అని. అంతే. ఆ మనిషి ఏడాదికి ఆడే మాటలే ఓ పిడికెడు, అందులో ఇదొకటి. ఇక ఊరు ఊరుకుంటుందా? ఒకడు రెండు నోళ్లుంటాయన్నాడు. ఒకడు కట్టెలే అక్కర్లేదట అన్నాడు. కొట్టాయన అయితే, ఎవరో స్వీడన్ నుంచి దొంగతనంగా బొమ్మ తెచ్చిచ్చారని ప్రమాణం చేసి చెప్పాడు. ఎల్యాస్‌ని మాత్రం ఎవరూ అడగలేదు. మేస్త్రిని "ఏం కడతావు, ఎప్పుడు కడతావు" అని అడగడమంటే వాడి పని మీద నమ్మకం లేదని మొహాన చెప్పినట్టే. నువ్వు నవ్వుతావు గానీ, ఇప్పటికీ అడుగుతామా మేం? నువ్వు చెప్పబట్టి సరిపోయింది గానీ మంచు కరిగాకేనా అని నేనడిగానా?

ఆ ఏడు మే నెలలో మా ఇంటికొచ్చాడు. పిలవలేదు. ఇదే బల్ల దగ్గర కూర్చున్నాడు. మా అత్త లోవీసా కాఫీ పోసింది. ఒకటి తాగాడు, రెండు తాగాడు. లేచి, అప్పట్లో ఇక్కడుండే ఇటుక పొయ్యి మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. వచ్చి మూడో కప్పు తాగాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. మా అత్త అంది, "ఒప్పుకున్నాడు. కొత్త పొయ్యి మనకే." మూడో కప్పు తాగాడంటే ఒప్పందమే మరి. ఇంకొకడు కట్టిన పొయ్యిని మేస్త్రి విప్పడు, ఇంటివాళ్లే విప్పి చోటు ఖాళీ చేసి ఉంచాలి, అదో పట్టింపు. మా ఆయన ఊర్హో జూన్‌లో ఇటుకలన్నీ విప్పి గోడవారగా పేర్చాడు. ఇక్కడింత బొంద. జులై అయ్యింది, ఆగస్టు అయ్యింది, రాలేదు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, కడుపులో పిల్లాడు, నవంబరుకి నెలలు నిండుతాయి. సెప్టెంబరులో బంగాళాదుంపల మీద మంచు పడింది. "ఒక్కసారి వెళ్లి అడగవయ్యా" అంటే ఊర్హో, "ఏమని అడగను? మూడో కప్పు తాగాడు కదా" అన్నాడు. భయమేసేది తల్లీ. నిజంగా భయమేసేది. రాత్రుళ్లు గొర్రెతోలు కప్పుకుని, పుట్టగానే వీడు చలికి చచ్చిపోతాడేమో అనుకునేదాన్ని. ఎవరితో చెప్పను?

ఏం చెబుతున్నాను... ఆఁ, అక్టోబరు చివర్లో వచ్చాడు, బండినిండా రాళ్లేసుకుని. ఆరు రోజులు కట్టాడు. ఒక్కో పలకని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తడిపి, మేకుతో గీసి, తిప్పి తిప్పి చూసేవాడు. రాయికి పొరలుంటాయి కదా, నీకు తెలిసే ఉంటుంది, ఆ పనిలోనే ఉన్నావు. తక్కిన మేస్త్రులు వేడి చప్పున బయటికొచ్చేట్టు పొర చూసుకుని పెడతారు. ఈయన అడ్డంగా పెట్టాడు. లోపల ఒక వరస, బయట ఒక వరస, ఎంత మందమో. ఊర్హో నా చెవిలో, "పొయ్యి కడుతున్నాడా, సమాధి కడుతున్నాడా" అన్నాడు. నేనొక్కసారి ధైర్యం చేసి, "మేస్త్రీ, చప్పున వేడెక్కుతుందా" అన్నాను. నా పొట్ట వైపు చూసి, "ఈ రాయికి తొందర లేదు" అన్నాడు. అంతే. నాకేం అర్థమైంది? ఏమీ అర్థం కాలేదు. ఇప్పుడూ, అది నాకు ధైర్యం చెప్పడమా, కసురుకోవడమా అని తేల్చుకోలేను.

కొత్త పొయ్యికి వారం రోజులు చితుకులు తప్ప పెట్టకూడదు, తడి ఆరాలి. ఆ వారం ఎలా గడిచిందో ఆ దేవుడికే తెలియాలి, బిందెలో నీళ్ల మీద తెల్లారేసరికి మంచు పలక. ఎనిమిదో రోజు మధ్యాహ్నం పెద్ద మంట పెట్టాం. ఊరు ఊరంతా దిగింది చూడ్డానికి. కొట్టాయన కొత్త టోపీ పెట్టుకొచ్చాడు. రెండు చేతుల నిండా బిర్చి కట్టెలు, భగభగా మండాయి. దీపాలు పెట్టే వేళైంది. అందరూ వరసగా చేతులు పెట్టి చూశారు. చల్లగా ఉంది. బొగ్గులు ఆరిపోతున్నాయి, రాయి మాత్రం శవంలా చల్లగా ఉంది. కొట్టాయన దగ్గాడు. మా అత్త కప్పులు సర్దడం మొదలెట్టింది. ఎల్యాస్ ఆ మూల నిలబడి ఉన్నాడు. ఊర్హో, ఎప్పుడూ గొంతెత్తని మనిషి, అందరి ముందూ, "నీ రాయి చల్లగా ఉంది ఎల్యాస్. నా పెళ్లాం ఈ వారమో పై వారమో కంటుంది" అన్నాడు. ఎల్యాస్ "రేప్పొద్దున దాకా ఆగండి" అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది? అనలేదు. టోపీ పెట్టుకున్నాడు, తల ఊపాడు, వెళ్లిపోయాడు. ఎందుకనలేదు? నువ్వు ఆ ఇంటి పిల్లవి, నువ్వు చెప్పు. ఆయనకీ నమ్మకం పోయిందా? లేక, అడగనిది ఎందుకు చెప్పాలనా?

ఆ రాత్రి ఇంట్లో పడుకోలేక ముగ్గురం చెరువు గట్టున స్నానాల గదికి, సౌనాకి పోయాం, అక్కడైతే చిన్న పొయ్యి ఉంది. పోతూ పోతూ నేనే, ఈ చేతులతోనే, తలుపుకి చీపురు ఆనించాను. అలవాటు. రాత్రి మంచు కురిసింది. పొద్దున్నే కాఫీ గిన్నె కోసం ఒక్కదాన్నే వచ్చాను. గేటు దగ్గర్నించి మెట్ల దాకా అడుగులు. మళ్లీ మెట్ల దగ్గర్నించి గేటు దాకా అడుగులు. పొడుగు అంగలు, పెద్ద బూట్లు. పోస్టాయన స్కీల మీద వచ్చేవాడు, వాడు కాదు. ఎల్యాస్‌వే. తలుపు తీశాను. అమ్మా, ఆ వెచ్చదనం ఇంకా నా ఒంట్లో ఉందే. మా పిల్లి పొయ్యిని ఆనుకున్న ఆ రాతి అరుగు మీద బొర్లా పడి నిద్రపోతోంది. బిందెలో నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి. పొయ్యి మీద రెండు చేతులూ పెట్టాను, చెంప పెట్టాను, ఈ పొట్ట పెట్టాను. ఏడ్చాను, ఎందుకు దాచడం. అక్కడే నొప్పులొచ్చాయి. మధ్యాహ్నానికి ఇక్కడే, ఈ పొయ్యి పక్కనే పిల్లాడు పుట్టాడు. ఇప్పుడు ఫోన్లో పీకించెయ్ పీకించెయ్ అంటున్నాడే, వాడే.

అయితే ఇక్కడే నాకు తికమక. మెట్ల మీదికి చూరు ఉంది, అక్కడ మంచు పడదు. అడుగులు మెట్ల దాకా కనిపించాయి, ఆ పైన తెలీదు. చీపురు చూసి, "చలికి తట్టుకోలేక ఇల్లే వదిలిపోయారు" అనుకుని తిరిగిపోయాడా? లేక చీపురు తీసి లోపలికొచ్చి, రాయి మీద చెయ్యి పెట్టి, తెలుసుకుని, మళ్లీ దాన్ని యథాస్థానంలో పెట్టి వెళ్లాడా? నేనెప్పుడూ చీపురు గడియ పక్కనే ఆనిస్తాను. ఆ పొద్దున అది కీలు పక్కన ఉన్నట్టు గుర్తు. కళ్ల ముందు కనిపిస్తుంది, కీలు పక్కనే. కానీ ఒక్కోసారి గడియ పక్కనా కనిపిస్తుంది. నేల తడిగా ఉందేమో చూడొచ్చుగా అంటావు. నా బూట్లతో నేనే తొక్కేశాను. పిల్లికి తెలుసు, దాన్నేం అడుగుతాం?

నాలుగో రోజు ఊర్హో ఎల్యాస్ ఇంటికి వెళ్లాడు, ఒక ఎండు చేప కట్ట పట్టుకుని, తప్పైంది అని చెబుదామని. నిజంగా చెప్పేవాడో, చేప బల్ల మీద పెట్టి వచ్చేసేవాడో, అది వేరే సంగతి. వాళ్ల తలుపుకీ చీపురు. చేపతో సహా తిరిగొచ్చాడు. "తోసి చూడకపోయావా" అంటే, "చీపురుంటే ఎలా తోస్తానే" అన్నాడు. అప్పటికే ఉత్తరాన అడవి నరికే పనికి పోయాట్ట. పోనీలే, వసంతంలో వస్తాడు కదా, కాఫీకి పిలుద్దాం, వచ్చి ఆ అరుగు మీద కూర్చుంటే మనం చెప్పక్కర్లేదు, ఒంటికే తెలుస్తుంది అనుకున్నాం. మార్చిలో కబురొచ్చింది, అక్కడ గడ్డకట్టిన చెరువు మీద మంచు పగిలి, గుర్రంతో సహా మునిగి... ఏళ్లు నలభై ఒకటో, నలభై రెండో. నాకు చెప్పాల్సింది ఒక్క మాటే. వెచ్చగా ఉంది మేస్త్రీ అని. అరవై ఆరేళ్లయింది. ఊర్హో కూడా పోయాడు. ఇలాంటి పొయ్యి ఇంకోటి ఎవరూ కట్టలేదు, బొమ్మా గీతా ఏమీ పెట్టలేదు మహానుభావుడు. ఇప్పుడు మీ కంపెనీవాళ్లు కొత్తదంటూ దాన్నే కాగితం మీద వేసి తెచ్చారు.

మీ కొత్తది రానీ, చూద్దాం. నా పేరు రాసుకున్నావుగా, ఉండనీ. కానీ పాతది విప్పాల్సింది ఇంటివాళ్లే, ఆ పట్టింపు నీకూ చెప్పాను. ఒక్కో పలకా ఈ చేతులతో తియ్యాలి. అదీ... ఏమో, నాకేం తోచట్లేదు. నువ్వు చెయ్యి పెట్టి చూడు. నిన్న సాయంత్రం మండించింది, పొగ వస్తున్నా మండించాను. ఎలా ఉంది?

వెచ్చగానా? ఊఁ.

అది సరే గానీ సెన్యా, ఇందాక చీపురు తీసి లోపలికొచ్చావు కదా, దాన్ని ఏ పక్కన పెట్టావు? గడియ పక్కనా, కీలు పక్కనా? చూడకు, లేవకు, కూర్చునే చెప్పు. గుర్తు లేదూ? ఇప్పుడే కదే వచ్చావు.

కాఫీ తాగు, చల్లారిపోతోంది.