పావు తక్కువ ఐదుకి గెలిచిన ఐదింటి ఆట

చదరంగం పోటీ గది తలుపులు మూసి గంటన్నర దాటింది. బయట వరండాలో, బెంచీల మీద పిల్లల తాలూకు పెద్దవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. వాళ్లలో ఓ నర్సు ఒళ్లో వచ్చే నెల శిక్షణ ఫారం ఉంది. రెండే గళ్లు: ఐదు నిమిషాల ఆటల తరగతి, రెండు గంటల ఆటల తరగతి. ఇవాళే ఒకదాంట్లో టిక్కు పెట్టివ్వాలి. లోపల ఆడుతున్న కూతురు ఏడాదిగా ఒక్క మెట్టూ ఎక్కలేదు. తను గడి తప్పు పెడితే పిల్లకి ఇంకో ఏడాది పోతుందని ఆవిడ బెంగ.

"ఇందులో ఆలోచించడానికేముందమ్మా," అన్నాడు మనవడి కోసం వచ్చిన గడియారాల మెకానిక్కు. "చురుకు కావాలంటే వేగం ఉండాలి. వయసులో ఉన్నప్పుడు ఐదు నిమిషాల ఆటలో నాకు రెండు నిమిషాలు మిగిలేవి."

"అది మామూలేగా బాబాయ్," అన్నాడు పక్కనున్న బస్సు డ్రైవరు.

"మామూలే. అందుకేగా నిమిషం ఆటకి దిగాను. నిమిషానికి ఒక్క ఆటేం ఆనుతుందని పదహారు బల్లలు వరసగా వేయించి, ఈ కొసనించి ఆ కొసకి ఆడుకుంటూ పోయాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పదహారో బల్లవాడు నేను కూర్చోకముందే చెయ్యి చాపి ఓటమి ఒప్పుకున్నాడు. ఇంకా మొదలెట్టలేదు కదరా అంటే, మీరొచ్చిన గాలికే నా రాజు పడిపోయాడండీ అన్నాడు."

"ఫ్యాను తిరుగుతోందేమో."

"ఫ్యానూ లేదు, కిటికీ లేదు, విను నాయనా. చివరికి నా చెయ్యి ఎంత వేగం పుంజుకుందంటే, ఎత్తు వేసి ఆట గడియారం మీట నొక్కితే ముల్లు వెనక్కి నడిచేది. ఐదింటికి మొదలవ్వాల్సిన ఆట పావు తక్కువ ఐదుకే గెలిచేసి ఇంటికొచ్చేవాణ్ణి. ఇంకా బయల్దేరలేదా అని మీ పిన్ని కోప్పడేది. గెలిచొచ్చానే, ఇప్పుడు ఆడ్డానికి వెళ్తున్నా అనేవాణ్ణి."

"మరి ఓడినవాడో?"

"పాపం, కళ్లు తుడుచుకుంటూ దారిలో ఎదురుపడేవాడు. ఆటకి వస్తూ."

నర్సుకి నవ్వు ఆగలేదు. అయినా పెన్ను ఐదు నిమిషాల గడి మీదికే పోయింది. కోతలైతే కోతలు, ఇంత ఆడినవాడు ఊరికే చెబుతాడా?

తలుపు తీసుకుని కూతురు వచ్చింది, ఎత్తులన్నీ రాసుకున్న కాగితంతో. "ఓడిపోయానమ్మా. ఇదిగో, ఇరవై రెండో ఎత్తు. గుర్రాన్ని కదిపి చెడగొట్టాను. బంటు తోయాల్సింది."

"పెద్దాటల్లో అంతేనమ్మా, నిద్రొచ్చి తప్పులు చేస్తారు," అని పెద్దాయన పదహారు బల్లల కథ మళ్లీ మొదట్నించీ అందుకున్నాడు.

పిల్ల శ్రద్ధగా విని, కాగితం వెనక్కి తిప్పి పెన్సిలు పట్టుకుంది. "ఒక్క ఆట చెప్పండి తాతగారూ, రాసుకుంటాను."

"ముందు బంటు జరిపాను."

"తర్వాత?"

"తర్వాత... వాడూ ఏదో జరిపాడు. అంత వేగంలో ఏది గుర్తుంటుందమ్మా?"

"అయితే మీరెక్కడ తప్పు చేశారో కూడా తెలియదా?"

పిల్ల వేళాకోళానికి అడగలేదు. పెద్దాయన తన చేతి గడియారానికి కీ ఇచ్చుకోసాగాడు.

"పోన్లే బాబాయ్," అన్నాడు డ్రైవరు. "నేనూ ఇంతవరకు ఒక్క ఆటా ఓడలేదు. నాకు చదరంగం రాదు."

నర్సు రెండు గంటల గడిలో టిక్కు పెట్టింది.