న్యామ్హాంగో టీచరమ్మ రోకటి పోటు

కూర్చో వెజీ, ఆ చిక్కుళ్ల బుట్ట ఇటు జరుపు. చేతిలో పనుంటే గానీ నాకు నోరు పెగలదు. రేపట్నుంచి ఒకటో తరగతి పిల్లలకి చదువు చెప్తావటగా, మీ అమ్మ చెప్పింది. నన్నడిగితే ఏం చెప్పనే, ఆరో తరగతితో ఆగిన దాన్ని. నాకు తెలిసిందల్లా న్యామ్హాంగో టీచరమ్మే. నువ్వు పుట్టకముందే పోయిందిలే. పొట్టి మనిషి. ఎడమ చెప్పు ఎప్పుడూ తెగేది, చెట్టు నార కట్టుకుని నడిచేది. కొత్తవి కొనుక్కోవచ్చు కదమ్మా అంటే, 'ఇది నా నడక నేర్చుకుంది, కొత్తదానికి మళ్లీ మొదట్నుంచి చెప్పాలి' అనేది.

ఆ, ఎక్కడున్నాను. ఆవిడ రాకముందు మా రుంఫి ఊరి బడిలో అరవైమందికి ఒకటే పుస్తకం. పెద్ద మాస్టారు ఒక ముక్క అనేవాడు, మేం అరిచేవాళ్లం. అరిచీ అరిచీ పుస్తకమంతా నోటికొచ్చేసింది, చదువొచ్చిందనుకున్నాం. టీచరమ్మ వచ్చిన వారంలోనే నన్ను లేపి, ఆ మేకా చేపా బొమ్మల పుస్తకం చేతికిచ్చి, వేలు పెట్టి చదవమంది. గడగడా అప్పజెప్పాను. 'బాగుంది మసోజీ. నీ నోరు చేప దగ్గరుంది, నీ వేలు ఇంకా మేక దగ్గరే ఉంది. పాపం, దాన్ని ఒక్కదాన్నే వదిలేశావా?' అంది. ఒకటే నవ్వులు. సిగ్గేసి మర్నాట్నుంచి బడికి వెళ్లలేదు. ఇంట్లో మా నాన్న, అదే మీ ముత్తాత, దానికోసమే చూస్తున్నాడు. 'అక్కకి పిల్ల పుట్టింది, ఎత్తుకునే మనిషి కావాలి. మూడేళ్లు తిరిగి ఏం వెలగబెట్టావు?'

నాలుగో రోజు సాయంత్రం టీచరమ్మే వచ్చింది. అమ్మ మొక్కజొన్నలు దంచుతోంది. ఈవిడ నడుముకి గుడ్డ బిగించి రెండో రోకలి అందుకుంది. 'నీ పేరు దంచుదాం రా' అంది. మ, ఒక పోటు. సో, ఇంకోటి. జీ, ఇంకోటి. 'నీ చెవికి వచ్చేసింది. ఇక కంటికి చూపిద్దాం' అని నేలన రాలిన పిండిలో మూడు ముక్కలూ వేలితో రాసింది. 'ముగ్గురు తినే పిండి అది టీచరమ్మా' అని అమ్మ గొణిగింది. గొణిగిందే గానీ ఆ నెలంతా నా కోసం కాస్త పిండి చల్లి మరీ దంచింది.

నెలంతా సాయంత్రాలు వచ్చి నేర్పి, 'చదువొచ్చింది, ఇక బడికి పంపండి' అంది టీచరమ్మ. నాన్న నమ్మలేదు. 'పుస్తకం దానికి నోటికొచ్చు, ఇది చదవమను' అని జేబులోంచి ఆ రోజే వచ్చిన ఉత్తరం తీశాడు. జొహానెస్‌బర్గ్ గనుల నుంచి మా అన్న, అదే మీ తాత, రాసింది. ఎప్పుడూ చర్చి పెద్ద చదివి పెట్టేవాడు. 'చదివితే బడికి, లేదంటే పిల్ల దగ్గరికి.' అమ్మ రోకలెత్తింది. పోటు పడందే నాకు మాట రాదని ఆవిడకి తెలుసు. పోటుకో ముక్క చొప్పున రెండు వరసలు చదివాను. 'ఏమంటున్నాడు?' అన్నాడు నాన్న. ఏమో. ముక్కలు దంచాను గానీ నోట్లో వేసుకుంటేగా. టీచరమ్మ నెమ్మదిగా, 'మళ్లీ మొదట్నుంచి. ఈసారి మీ అన్న మాట్లాడుతున్నట్టు' అంది.

అమ్మ పోటు జోరు చేసింది. అన్న గొంతొచ్చేసిందే వెజీ. అమ్మకి దుప్పటి కొన్నానన్నాడు, వానలు పడ్డాయా అన్నాడు. అమ్మ నవ్వుకుంటూ దంచుతోంది. అప్పటిదాకా నా నోరు ముందు, కన్ను వెనక. ఆ పూట కన్ను నోటిని దాటి ముందుకెళ్లిపోయింది. రాయి పడి ఎడమచేతి రెండు వేళ్లు పోయాయి, అమ్మకి చెప్పొద్దు, అని ఉంది.

ఆగిపోయాను. 'చూశావా, రాలేదు' అన్నాడు నాన్న. చదివితే బడి. చదవకపోతే పిల్ల. నోరు మూసుకునే ఉన్నాను. టీచరమ్మ నా వెనక్కి వచ్చి వంగి, వేలు ఎక్కడుందో చూసింది.  తర్వాత నాన్న పక్కకెళ్లి చిన్నగా, 'చదవడం వచ్చింది కాబట్టే ఆగింది. రేపు పంపించండి' అంది. నాన్న నా మొహంలోకి చూశాడు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అమ్మ దంచుతూనే ఉంది, తర్వాతి ముక్క కోసం.

…మబ్బేసింది వెజీ. ఆ చాప మీద గింజలు లోపల పెట్టు.