అర మిల్లీలీటరు తేడా: శ్రీ బల్యెజూసా మాస్టారి ముప్ఫై ఆరేళ్లు

1987వ సంవత్సరం ఫిబ్రవరి రెండవ తేదీ, సోమవారం ఉదయం, బుసంబ్వే ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్ర ఉపాధ్యాయులుగా శ్రీ ఎరిఫాజీ బల్యెజూసా గారు పదవీ బాధ్యతలలోకి ప్రవేశించారు. ప్రవేశించేటప్పుడు గుమ్మానికి తల కొట్టుకున్నారని కూడా చెప్పడం సత్యధర్మం. ఆరడుగుల ఆరంగుళాల ఆ విగ్రహానికి మన గుమ్మాలు ఏనాడూ సరిపోలేదు. తొలి చినుకు ఆయన టోపీ మీద పడ్డాక, మిగిలిన వాళ్లం అరటితోట దాటి ఇల్లు చేరేంత వ్యవధి దొరికేదని సహోద్యోగులు చెప్పుకునేవారు. ఇది అతిశయోక్తి అనేవారు ఎన్నడూ ఆయన పక్కన నడవలేదని అర్థం.

ఆనాటికి ప్రయోగశాల అంటే ఆరు గాజు పాత్రలు, ఒకదాని మాట ఒకటి ఒప్పుకోని రెండు పళ్లేల త్రాసు, ఒక నివాసి ఉడుము. మాస్టారు తన వెంట చుట్టి తెచ్చిన ఆవర్తన పట్టికను గోడకు వేలాడదీస్తుంటే కాపలాదారు చాలాసేపు పరిశీలించి అడిగాడు.

"మాస్టారూ, ఈ క్యాలెండర్లో ఆదివారాలేవి?"

"కుడి చివరి వరుసయ్యా. అక్కడున్నవాళ్లెవరూ ఏ పనీ చెయ్యరు."

జడవాయువుల పాఠం మన పాఠశాలలో ఆ విధంగా కాపలాదారుతో ప్రారంభమైంది.

మూలకాలను ఆయన మన సోగా జాతి వంశాల పద్ధతిలో బోధించేవారు. "ఒక నిలువు వరుసలో ఉన్నవాళ్లంతా ఒకే వంశం. మన కట్టడేమిటి?" అంటే తరగతి మొత్తం, "సొంత వంశంలో పిల్లను చేసుకోకూడదు మాస్టారూ!" అని కప్పు ఎగిరేలా అరిచేది. "అందుకే సోడియం గాడు పొటాషియం వైపు కన్నెత్తి చూడడు. వెళ్లి క్లోరిన్ వాళ్లమ్మాయిని చేసుకుంటాడు. ఆ కాపురమే మీ అమ్మ పులుసులో వేసే ఉప్పు." ఒకసారి వెనక బెంచీ నుంచి ఎవరో, "మరి కన్యాశుల్కంగా పిల్ల తరఫువాళ్లకి ఆవులెన్నిచ్చాడు మాస్టారూ?" అని అడిగారు. "ఒక్క ఎలక్ట్రాను. బక్క సంసారం, అంతకంటే ఇచ్చుకోలేడు."

పరమాణువు ఫుట్‌బాల్ మైదానమంత ఉంటే దాని కేంద్రకం ఎంతుంటుందో చూపడానికి ఆయన మైదానం నడిమధ్య ఒక వేరుశనగ గింజ పెట్టి పిల్లలందరినీ గీతల వెంట నిలబెట్టారు. ప్రధానోపాధ్యాయిని గారి కోడి వచ్చి కేంద్రకాన్ని తినేసింది. "చూశారా, ఇప్పుడంతా ఖాళీ. ఇందాకా దాదాపు అంతే," అని మాస్టారు పాఠం ముగించారు. ఆ పాఠం విన్నవారెవరూ ఈనాటికీ మరువలేదు. కోడి సంగతి తెలియదు.

ఇంతటి విద్వన్మూర్తి జీవితంలో ఒక దోషం పంతొమ్మిదేళ్లపాటు నిక్షేపంగా కాపురముంది. అది చెప్పకుండా ఈ అభినందన పూర్తి కాదు. చెప్పమని ఆయనే ఆజ్ఞాపించారు.

ప్రయోగ పరీక్షలో బ్యూరెట్ అనే గీతల గాజుగొట్టంలో ఆమ్లం పోసి, చుక్కచుక్కగా వదిలి, కింద పాత్రలో రంగు మారిన క్షణాన ఎంత ఖర్చయిందో చదవాలి. ద్రవం పైభాగం నెలవంకలా కిందికి వంగి ఉంటుంది. ఆ వంపు అడుగుకు కన్ను సమంగా పెట్టి చదవాలి. ఈ సూత్రాన్ని మాస్టారు ఏటా ఎర్ర సుద్దతో నల్లబల్ల మీద రాసేవారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, తాను మాత్రం నిటారుగా నిలబడి పై నుంచి చదివేవారు. మగపిల్లలు గురుభక్తితో, అవసరమైతే మునివేళ్ల మీద లేచి, అలాగే చదివేవారు. ఆడపిల్లలు మాత్రం, పెద్దవారు దగ్గరకు రాగానే మోకరిల్లడం మన మర్యాద కనుక, మాస్టారు బల్ల దగ్గరకు రాగానే నేల మీద మోకాళ్లూని అక్కడి నుంచే అంకె చదివి వినిపించేవారు.

పరీక్షా మండలి నియమం ప్రకారం ఉపాధ్యాయుడు కూడా అదే ప్రయోగం చేసి తన అంకెను కవరులో పంపాలి. ఆ అంకెకు దగ్గరగా వచ్చినవారికే మార్కులు.

2006లో నమూనా పరీక్ష నాడు మాస్టారికి ఇరవై నాలుగు పాయింట్ ఒకటి వచ్చింది. మగపిల్లలందరికీ అంతే. పద్నాలుగు మంది ఆడపిల్లలకు ఇరవై నాలుగు పాయింట్ ఆరు.

"ఆ అర మిల్లీలీటరు ఎక్కడ ఒలకబోశారే?" అని ఆయన గర్జించారు.

"ఒలకలేదు మాస్టారూ. గొట్టం ఏం చెబితే అదే రాశాం," అంది నైగగా అనే అమ్మాయి. నర్సు శిక్షణలో చేరాలని కంకణం కట్టుకున్న పిల్ల. రసాయనశాస్త్రంలో మార్కు తగ్గితే ఆ తలుపు మూసుకుపోతుంది.

"నాకొకటీ నీకొకటీ చెబుతుందా? నేనేమన్నా దానికి సవతి తండ్రినా?"

"దాన్నే అడగండి మాస్టారూ."

పద్నాలుగు మందికీ సున్నా పడింది. ప్రధానోపాధ్యాయిని శ్రీమతి ముటేసి గారు, "పద్నాలుగు మంది ఒకేలా తప్పు చదివారంటే కాస్త ఆలోచించాలి కదండీ," అన్నారు. "ఆలోచించడానికేముందమ్మా! పంతొమ్మిదేళ్లుగా ఏటా ఆడపిల్లలు చేసేది ఇదే తప్పు. అలవాటైపోయింది," అని మాస్టారు తీర్పు చెప్పారు.

అసలు పరీక్ష వచ్చింది. అదే ప్రయోగం, అవే ద్రావణాలు. సొరోటీ నుంచి వచ్చిన పర్యవేక్షకులు ఒచెన్ గారు ముందు కూర్చున్నారు. మాస్టారు తన అంకె రాసుకున్నారు: 24.1. బల్లల మధ్య తిరిగారు. ఆడపిల్లలు ఎప్పటిలాగే మోకరిల్లారు. వాళ్ల కాగితాల మీద ఎప్పటిలాగే 24.6. నిట్టూర్చి వెనక్కు వచ్చి, కవరు నాలుకకు ఆనించబోతుండగా కలం మూత కింద పడింది. తీయడానికి వంగారు. లేస్తూ దారిలో గొట్టం వైపు చూశారు.

24.6.

పూర్తిగా లేచి చూశారు: 24.1. వంగారు: 24.6. లేచారు. వంగారు.

"మాస్టారూ, కడుపునొప్పా?" అన్నారు ఒచెన్ గారు మెల్లగా.

"కాదయ్యా. పంతొమ్మిదేళ్లూ ఒక్కసారిగా నొప్పి పెట్టాయి."

ఆ కవరు అతికిస్తే ఎవరికీ తెలియదు. నైగగా పేరు పక్కన మండలి వారే సున్నా పెడతారు. అతికించకపోతే, ఎర్ర సుద్దతో రాసినది తానే చదవలేదని దేశమంతా తెలుస్తుంది. మాస్టారు కవరు పక్కన పెట్టారు.

"పిల్లలకు ఒక్క మాట చెప్పొచ్చా?"

"మాట నిషిద్ధం. పన్నెండో నిబంధన."

"మోకరిల్లడం?"

ఒచెన్ గారు నిబంధనల పుస్తకం చివరిదాకా తిరగేశారు. "దాని గురించి ఏమీ రాయలేదండీ."

ఆరడుగుల ఆరంగుళాలు మెల్లగా మడత పడి నేలకు దిగాయి. మోకాళ్ల మీద ఉన్న గురువు ముందు అదే ఎత్తున ఉండడం ఎలాగని ఆడపిల్లలు హడలిపోయి తలలు నేలకు ఆనించారు. మగపిల్లలు బిత్తరపోయి ఒకరి వెనక ఒకరు మోకాళ్లూనారు. అప్పుడే లోపలికి వచ్చిన ముటేసి గారు గుండె పట్టుకున్నారు.

"అయ్యో! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదమ్మా. కొలత చదువుతున్నారు," అన్నారు ఒచెన్ గారు.

కాసేపటికి మగపిల్లల బల్లల నుంచి రబ్బరుతో చెరిపే చప్పుడు మొదలైంది. మాస్టారు తన అంకె కొట్టేసి 24.6 వేసి, కింద స్వహస్తంతో రాశారు: "మొదటి అంకె ఉపాధ్యాయుని ఎత్తు వల్ల కలిగిన దోషం. బాలికలు సరిగా చదివారు." నైగగా ఈనాడు జిల్లా ఆసుపత్రిలో పెద్ద నర్సు, మందు ఎక్కించే ముందు సిరంజిని కంటికి సమంగా పట్టుకుంటుందని రోగుల సాక్ష్యం.

ఆ రాత్రికి మాస్టారు నిద్రపోయారు గానీ, ఆ సెలవులకు ఇంట్లో ఉండలేదు. పాత మార్కుల పుస్తకాలు తీసి, తాను సున్నా పెట్టిన ఆడపిల్లల పేర్లు కాగితం మీద రాసుకున్నారు. నలభై ఏడు. సైకిలెక్కి ఇంటింటికీ బయలుదేరారు. ఆయన భార్య శ్రీమతి తపెనెసి గారు, "మోకాళ్ల దగ్గర ప్యాంటుకు అతుకులు వెయ్యలేక చస్తున్నాను," అని వాపోయినా దారి బత్తెం కట్టి పంపారు.

1991లో చదివిన కగోయా పొలంలో చిలగడదుంపలు తవ్వుతూ ఉంది. మాస్టారు ఆమె ముందు మోకరిల్లేసరికి గడ్డపలుగు జారవిడిచింది.

"లేవండి మాస్టారూ! ఊరంతా చూస్తోంది!"

"నీ అంకె సరైనదే కగోయా. నాదే తప్పు."

"ఆ అర మిల్లీలీటరు కోసం ఇంత దూరం వచ్చారా?"

"దానికోసమే."

ఆమె గడ్డపలుగు తీసి పక్కన పెట్టింది. తరువాత కొంగుతో కళ్లు తుడుచుకుని, "నేనెప్పుడూ తప్పు చదవలేదని నాకు తెలుసు. రండి, దుంపలు ఉడికాయి," అంది.

పదిహేడేళ్లలో నలభై అయిదు ఇళ్లు పూర్తయ్యాయి. ఒకరు క్యోగా సరస్సు ఆవలి ఒడ్డున ఉన్నారు; మరొకరు ఎక్కడో సరిహద్దు దగ్గర చేపల వ్యాపారం చేస్తున్నారట. ఉద్యోగ భారం తీరిన శ్రీ బల్యెజూసా గారికి సర్వేశ్వరుడు ఆ ఇద్దరినీ చేరేందుకు చాలినంత ఆరోగ్యాన్ని, వారి ముందు వంగి మళ్లీ లేచేందుకు చాలినంత మోకాళ్ల సత్తువను, ఆపైన వారు పెట్టింది తీరిగ్గా తిని తపెనెసి గారి దగ్గరకు తిరిగి వచ్చి నిండు నూరేళ్లు కూర్చునేంత ఆయుష్షును ప్రసాదించాలని మనమంతా మనసారా కోరుకుందాం.