ఆకుముడత మీద ముప్పై ఏళ్ళు

నకరికల్లు దగ్గర మిరప తోట గట్టు మీద, నిన్ననే రిటైరైన జన్యు శాస్త్రవేత్త, ముప్పై ఏళ్ళుగా ఆమెకు తెగులు ఆకులు కోసిచ్చిన ముసలి రైతు కూర్చున్నారు.

“నీ పరిశోధన చానా పెద్దదంటగా, తల్లీ?”

“నాలుగు వేల మంది సైంటిస్టులు తమ పేపర్లలో నా పేపర్ని చెప్పుకున్నారు, బాబాయ్.”

“మరి ముడత రాని విత్తనమేదీ?”

“ముడతని తట్టుకునే జీన్ కనిపెట్టా. దాన్ని విత్తనంలోకి తెచ్చేవాళ్ళే దొరకలేదు. తిరిగి తిరిగి అలిసిపోయా.”

“అంతమందీ చదివి ఊరుకున్నారా?”

“చదివి, ఇంకో పేపర్ రాసుకున్నారు.”

“ఈ ఏడూ సగం తోట ముడుచుకుపోయింది. ఆకులు కోసియ్యనా?”

“ఇక నాకు ల్యాబ్ లేదు, బాబాయ్.”

“లేకపోతే ఏందమ్మా? ఒకసారి చూసిపో. చూడ్డానికైనా ఎవరూ రావట్లేదు.”

ఆమె చెప్పులు గట్టు మీద విడిచి తోటలోకి దిగింది.