జనరల్‌గారి పెళ్ళాం ఇంకా మేయలేదు

అరుస్తావెందుకూ? చెవుడు దీనికేమో గాని నాకు కాదు. ఆ సంచీ అలా గోడవార పడెయ్. గేటు మూసెయ్, కుక్క దూరుతుంది. ఇంకా మేయలేదనేగా చెప్పాను, ఏదో తిట్టరాని తిట్టు తిట్టినట్టు మీద పడతావేం వెల్కా?

ఆఁ, వింటున్నాను. మేసినా మేయకపోయినా ఇవాళ పట్టుకెళ్ళాల్సిందే అంటున్నావు. సరేనమ్మా. దీని స్నానం కానీ ముందు. నీళ్ళలో ఉన్నదాన్ని మధ్యలో తియ్యకూడదు.

ఇదిగో, మెడ చాచింది చూడు. గొంతు కింద కదుల్తోందే, అది తాగడమే. చలికాలమంతా కింది గదిలో పెట్టెలో, ఎండుటాకుల్లో పడుకుని లేచింది కదా, లోపలంతా ఎండిపోయి ఉంటుంది. నీళ్ళు గోరువెచ్చగా, గడ్డం దాకా, అంతే. ఎక్కువైతే ముక్కులోకి పోతాయి. ముందు కళ్ళు తుడవాలి, తర్వాత నీళ్ళు, తర్వాతే తిండి. మీ అన్నయ్య పాఠం ఇది. ఆయనున్నన్నాళ్ళూ నేను దీని జోలికి పోలేదు. మిరపకాయలు కడిగే బేసిన్లో తాబేళ్ళేంటి, ఛీ, అని తిట్టేదాన్ని కూడా.

ఇప్పుడు రోజూ నేనే చేస్తున్నాను. ఎందుకంటే ఏం చెప్పను? చెయ్యి చేస్తోంది, నేను చూస్తున్నాను.

లోపల ఏమీ లేదు వెల్కా. చెయ్యి కిందేసుకుని పడుకుంటే మొద్దుబారుతుంది చూడు, అలా ఉంది. గిల్లితే గిల్లారని తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలీదు. గేటు మీద మీ అన్నయ్య చావు కాగితం అంటించామా, మొన్న వానకి ఫోటో తడిసి ఉబ్బింది. పొద్దున చూసి, అరె, ఈయన బుగ్గలు వాచాయే అనుకున్నాను. అనుకుని లోపలికొచ్చి కాఫీ పెట్టుకున్నాను. అంతే, ఇంకేం లేదు.

ఏంటీ? దీని మొగుడు జనరల్‌ని ఇవ్వడానికి నాకు అడ్డురాలేదు, దీన్ని ఇవ్వడానికి అడ్డొస్తోందా అంటావా?

అడ్డేం లేదు. జనరల్‌ని నేనే ఇచ్చాను, నా మొగుడికోసం. కోసింది ఎవరు? మీ ఆయన నైదెనే. అప్పటికి ఆయనకి ఏ జబ్బూ లేదు, ఎద్దులా ఉన్నాడు. టోపీ తీసి, వంగి, 'జనరల్‌గారూ, తమరు మన్నించాలి' అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత ఎవరం నవ్వలేదు. చాలాసేపు పట్టింది కదూ? తాబేలు కదా, ఏదీ తొందరగా చెయ్యదు. చావడం కూడా.

పక్క ఊరి ముసల్ది స్టోయ్నా చెప్పినట్టే దాని నెత్తురు ఎర్ర వైన్లో పోసి, తేనె కలిపి తెచ్చాను. మీ అన్నయ్య గుక్క తిప్పుకోకుండా తాగాడు. మూతి తుడుచుకుని 'బావుంది' అన్నాడు. బావుందట! పెళ్ళైన దగ్గర్నుంచీ నేను వండిన సూపుని ఒక్కనాడు బావుందని అన్లేదు మహానుభావుడు. దానికి మాత్రం బావుందిట.

మంచు పడకముందే పోయాడు.

ఊళ్ళో అందరూ ఏమంటున్నారో విన్నావా? జనరల్‌గారి పెళ్ళాం మొగుణ్ణి వెతుక్కుంటూ తోటంతా తిరిగిందిట. ఎవరు చూశారు? ఏం తిరగలేదు. రాలిన ద్రాక్షపళ్ళు తింది, ఆకుల్లో దూరింది, పడుకుంది. నేనూ అంతే. సమాధి దగ్గర్నుంచి వచ్చి, అందరికీ పంచగా మిగిలిన ఉడికించిన గోధుమలు గిన్నెలోంచే తినేశాను, నిలబడి. నువ్వు చూశావు.

తర్వాత నైదెన్‌కి రక్తంలో జబ్బని తేలింది. క్రిస్మస్ దీపాలు కూడా తియ్యలేదింకా, నువ్వొచ్చి నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశావు. 'వదినా, ఆ రెండోదాన్ని నాకియ్యి' అన్నావు. నిద్రలో ఉన్నదాని నెత్తురు నీళ్ళతో సమానం, లేచి, మేసినదాని నెత్తురే మందు అని ఆ స్టోయ్నాయే చెప్పిందాయె. సరే, లేచి మేశాక పట్టుకెళ్ళు అన్నాను. అడిగుంటే ఆవేళ ఇల్లు కూడా ఇచ్చేసేదాన్ని. ఏదీ నాదనిపించలేదు.

అప్పట్నుంచీ ఇదే వరస. ఇది లేచిన దగ్గర్నుంచీ నువ్వు సాయంత్రం రొట్టెల ఫ్యాక్టరీ నుంచి తిన్నగా ఇటే రావడం, 'మేసిందా వదినా?' అనడం, 'లేదమ్మా' అని నేననడం. రైలుకట్ట పక్కన్నుంచి పసుపుపూల ఆకు ఏరుకొచ్చి దీని ముక్కు ముందు పెట్టి, 'తినవే తల్లీ, బంగారుతల్లివి కదూ' అని నువ్వు బతిమాలడం! కొయ్యబోయేదాన్ని ఇంత ముద్దుగా బతిమాలేవాళ్ళని నిన్నే చూశాను. కోపం తెచ్చుకోకు. ఈస్టర్ గొర్రెపిల్లకి మనందరం అంతేగా చేస్తాం.

అవునూ, మార్చి ఒకటిన చేతికి కట్టుకున్న ఆ ఎర్రా తెల్లా దారం ఇంకా ఉంచుకున్నావేం? మార్చి అయిపోవస్తోంది, ఆల్‌బుకారా చెట్టు విరగబూసింది కదా. విప్పి కొమ్మకి కట్టెయ్యాలి.

ఓహో. నైదెన్ మంచం దిగి నడిచిననాడు విప్పుతానని మొక్కుకున్నావా. బానే ఉంది.

ఇంతకీ ఆ మరకల సంగతేంటి, మళ్ళీ చెప్పు. ఎక్కడన్నావు? నైదెన్ వేళ్ళ మీదా. బొటనవేలూ, చూపుడువేలూ. గోధుమరంగులో ఉన్నాయి, నిద్రపోతుంటే తడిగుడ్డ పెట్టి రుద్దినా పోవట్లేదు. రక్తం చర్మం కింద చెడి గడ్డకడుతోంది, ఇంక ఆగితే దక్కడు అంటావు.

డాక్టరుకి చూపించావా? లేదు. పోనీ ఆయన్నే అడిగావా, ఇవేంటీ అని? అడగలేదు. బెదిరిపోతాడని అడగలేదు. బావుంది. ఆయనా నువ్వు బెదిరిపోతావనే ఏదీ చెప్పడు. మీ ఇంట్లో ఒకళ్ళనొకళ్ళు అడిగే అలవాటు లేదు. మా ఇంట్లోనూ లేకపోయింది.

అబ్బబ్బ, ఏడవకు. కూర్చో. కూర్చోవే, సంచీ ఎక్కడికీ పారిపోదు! ఇదిగో నా చెయ్యి పట్టుకో. తడిగా ఉంటే ఉందిలే. చూడు. దగ్గరగా పెట్టుకుని చూడు.

బొటనవేలు. చూపుడువేలు. నాకేం జబ్బు?

ఆకు పాలు వెల్కా. ఆ పసుపుపూల కాడ తుంపితే తెల్లగా కారతాయే, అవి. ఆరితే ఇదిగో ఈ రంగుకి తిరుగుతాయి. నువ్వు తోమినా పోవు, నేను తోమినా పోవు. వాటంతటవే పోవాలి. నువ్వు ఫ్యాక్టరీ గ్లవుజులు తొడుక్కుని కోస్తావు గనక నీకు అంటలేదు.

అలా చూడకు. చెప్తున్నాగా.

మేస్తోంది. లేచిన కొత్తలో ఓ నాలుగు రోజులు మేయలేదు, ఆ తర్వాత్నుంచీ మేస్తోంది. నువ్వొచ్చే వేళకి నేను తడిగుడ్డతో దీని మూతి తుడిచేస్తాను. నీ ముందు ముట్టదు, ఎందుకంటే అప్పటికే పొట్ట నిండా తిని ఉంటుంది.

తినిపించేది నేను కాదు. నేను తుంపి ఇస్తాను, అంతే. పెట్టేది మీ ఆయన.

నువ్వు పొద్దున బస్సెక్కుతావా, ఆయన కర్ర పుచ్చుకుని సందమ్మట వస్తాడు. దార్లో రెండు గోడలు పట్టుకుని ఆగుతాడు, కానీ వస్తాడు. మంచం దిగడం లేదన్నావు, నీకోసం మళ్ళీ ఎక్కుతున్నాడు అంతే. ఈ స్టూలు మీదే కూర్చుంటాడు. మొదటిరోజు 'మేసిందా అక్కా?' అని అడిగాడు. లేదన్నాను, నిజంగానే లేదు అప్పటికి. ఓ పువ్వు తుంపి దీని ముందు పట్టుకున్నాడు. నోరు తెరిచింది! నా చెయ్యి నచ్చలేదు, నీ చెయ్యి నచ్చలేదు, ఆ చెయ్యి నచ్చింది దీనికి. మొగుణ్ణి కోసిన చెయ్యి. దీనికేం తెలుసు పాపం.

అప్పుడన్నాడు. 'వెల్కాకి చెప్పకక్కా. మేసిందంటే కోసుకొస్తుంది. తెస్తే తాగాలి. ఒకదాన్ని కోసి చూశాను, ఇంక నా వల్ల కాదు.' అయితే ఆ ముక్క నీ పెళ్ళానికే చెప్పుకో, నన్నెందుకు మధ్యలో పెడతావు అన్నాను. 'వద్దంటే దానికి ఎదురుచూడ్డానికి ఏం మిగుల్తుందక్కా? ఇంకా మేయలేదు, రేపు మేస్తుంది అనుకుంటే పడుకోగలుగుతోంది' అన్నాడు.

అక్కడితో ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. 'బావ మాత్రం నమ్మి తాగాడా ఏంటి' అన్నాడు. ఆ రోజు నేను చెంచా కోసం లోపలికెళ్ళినప్పుడు మీ అన్నయ్య గ్లాసు చేత్తో పట్టుకుని ఈయనతో అన్నాడట, 'కొండలన్నీ ఎక్కి దిగి తెచ్చిందిరా పాపం, తాగకపోతే ఎలా' అని. నేను చెంచాతో తిరిగొచ్చాను. 'బావుంది' అన్నాడు.

అదీ సంగతి.

విన్నాను. విని లేచెళ్ళి పొయ్యిలో కట్టె పెట్టాను. మళ్ళీ వచ్చి తుంపుతూ కూర్చున్నాను. ఏడుపొస్తే బావుండునని కాసేపు చూశాను, రాలేదు.

నీకు చెప్పనని ఆయనకి మాటిచ్చాను. మేశాక ఇస్తానని నీకు మాటిచ్చాను. ఇద్దరికీ ఇచ్చేశాను, నాదేం పోయింది? ఇవాళ నువ్వు మరకలంటూ రాకపోతే చెప్పేదాన్ని కూడా కాదు.

ఒక్క మాట మాత్రం విను. చివరి నెలంతా నేను ఇంట్లో లేను వెల్కా. తేనె ఒక ఊళ్ళో, చెట్టు వేళ్ళ కషాయం ఇంకో ఊళ్ళో, స్టోయ్నా గుమ్మంలో పడిగాపులు. మీ అన్నయ్య ఇక్కడే, ఈ ఎండలో, తాబేళ్ళ దగ్గర కూర్చునేవాడు. పక్కన ఇంకో స్టూలు వేసుకునేవాడు. ఎవరికోసం అని నేనడగలేదు. ఖాళీగా ఉంది కదాని బట్టల బుట్ట పెట్టేదాన్ని దాని మీద.

నీళ్ళు చల్లారాయి. ఇదిగో, ఒళ్ళు తుడిచాను. బరువుంది, రెండు చేతుల్తో పట్టుకో. మూతి చూశావా, పసుపు. ఇవాళ తుడవలేదు.

సంచీలో పెట్టుకుంటావా, పెట్టుకో. మాటిచ్చాను, అడ్డం రాను. తాగమంటే నైదెన్ తాగుతాడు. బావుందని కూడా అంటాడు. లేదంటావా, రేపు ఫ్యాక్టరీ మానేసి పొద్దున ఆయనతో పాటే రా, ఆ గోడల దగ్గర చెయ్యందించి తీసుకురా. నాకు రెండూ ఒకటే, నిజంగా చెప్తున్నా.

ఆ రెండో స్టూలు మీది బుట్ట ఇటియ్యి. లోపల పెడతాను.